తప్పు పక్క శాఖది

రైలు పట్టాలు తప్పిన చోటికి రిలీఫ్ బండి వెనకాలే ఐదారుగురు సీనియర్ సెక్షన్ ఇంజినీర్లు, ఇన్‌స్పెక్టర్లు వస్తారు. ట్రాక్ చూసేవాడొకడు, సిగ్నల్ చూసేవాడొకడు, ఇంజన్ల వాడు, బోగీల వాడు, ట్రాఫిక్ వాడు. కొలతలు తీసి, అందరూ కలిసి ఓ కాగితం రాసి సంతకాలు చేస్తారు. దాన్ని జాయింట్ నోట్ అంటారు. శవాల పక్కన రాసిన కాగితం కాకపోతే హాయిగా నవ్వుకుంటూ చదువుకోవచ్చు.

2023 జూన్ 2న బాలాసోర్ జిల్లా బహనగా బజార్‌లో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైన్లోకి దూరి, ఆగి ఉన్న గూడ్సును గుద్దింది. 290 మందికి పైగా పోయారు. బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పాయింటు లూప్ వైపే తిరిగి ఉందని నోట్‌లో రాశారు. సంతకం చేసినవాళ్లలో ఒకాయన మాత్రం విడిగా ఇంకో కాగితం ఇచ్చాడు: సిగ్నళ్ల కదలికలను నమోదు చేసే డేటాలాగర్ ప్రకారం పాయింటు సరిగ్గానే ఉంది, బండి అంతకుముందే లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర పట్టాలు తప్పింది అని. ఆయన సిగ్నల్ శాఖ మనిషి. సిగ్నల్ సర్క్యూట్ మార్పుల్లో, గేటు దగ్గరి పనిలో జరిగిన తప్పులే కారణమని తర్వాత భద్రతా కమిషనర్ తేల్చారు.

2024 జులై 18న గోండా దగ్గర దిబ్రూగఢ్ ఎక్స్‌ప్రెస్ పడింది. పట్టాల బిగింపు సరిగా లేదన్నారు నోట్‌లో. కాదు, డ్రైవరు బ్రేకు వేసిన తీరే సరిగా లేదన్నాడు ఒక్కడు. పట్టాల బాధ్యత చూసే ఇంజినీరు.

దానికి నెల ముందే, రంగాపానిలో గూడ్సు బండి కాంచన్‌జంగా ఎక్స్‌ప్రెస్‌ను వెనకనుంచి గుద్దింది. నోట్ రాసిన ఆరుగురిలో ఐదుగురు గూడ్సు సిబ్బందిదే తప్పన్నారు. సిగ్నళ్లు పొద్దుటినుంచీ పనిచేయనప్పుడు ఆ సెక్షన్లో ఒకసారికి ఒక్క బండినే వదలాల్సిందని లోకో ఇన్‌స్పెక్టర్ ఒక్కడే అడ్డం తిరిగాడు. ఈసారి ఆ ఒక్కడి మాటే నిజానికి దగ్గరగా నిలిచింది. లోపం వ్యవస్థలో పలుచోట్ల ఉందని కమిషనర్ రాశారు. స్వశాఖాభిమానానికీ అప్పుడప్పుడూ సత్యం తగులుతుందన్నమాట!

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. మన నిపుణుల శాస్త్రమంతా ఈ సామెతలో ఇమిడిపోతుంది. కుండ పగిలిన చప్పుడు ఎవరూ కాదనరు. అది ఎవరి శాఖ కుండ అన్నదే పరిశోధన.

అన్ని శాఖలకూ నచ్చే దోషి ఒకడున్నాడు: చనిపోయిన డ్రైవరు. అతను నోట్ మీద సంతకం చేయడు, క్రాస్ ఎగ్జామినేషన్‌కి రాడు. రంగాపానిలో ఆ పూటే రైల్వే బోర్డు అధ్యక్షురాలు గూడ్సు డ్రైవరు సిగ్నల్ ఖాతరు చేయలేదన్నారు. చెడిన సిగ్నళ్లు దాటి పొమ్మని స్టేషన్ మాస్టరు అతనికిచ్చిన కాగితం ఆ తర్వాత బయటికొచ్చింది. విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర 2023 అక్టోబరులో రాయగడ ప్యాసింజరు ముందున్న పలాస బండిని గుద్దితే, తెల్లారకముందే ‘మానవ తప్పిదం’ అని ప్రకటించేశారు.

రైల్వే వాళ్ల తప్పు వాళ్లే తేల్చుకోకూడదనే 1941లో తనిఖీ వ్యవస్థను రైల్వే బోర్డు చేతిలోంచి తీసేశారు. అందుకే నేడు భద్రతా కమిషనర్లు పౌర విమానయాన శాఖ కింద ఉన్నారు. బండి పడితే తీర్పు విమానాల వాళ్లదా అని ఆశ్చర్యపోకండి. కమిషనర్లుగా వచ్చేదీ రైల్వే అధికారులే. చట్టబద్ధమైన ప్రత్యేక భద్రతా సంస్థ పెట్టమని కకోద్కర్ కమిటీ 2012లోనే చెప్పింది. ఆ ఫైలు ఇంకా అవుటర్‌లోనే ఉంది.

రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్లో మాత్రం ఈ పోట్లాటలు కనిపించవు. నడుస్తున్న బండిలోంచి పడి చనిపోయినవాడి భార్య పరిహారం అడుగుతుంది. అజాగ్రత్త అన్న మాటతో పరిహారం ఎగ్గొట్టడం కుదరదని 2018లో సుప్రీంకోర్టు చెప్పినా, డివిజనల్ రైల్వే మేనేజరు (డీఆర్‌ఎం) నివేదిక మళ్లీ అదే పాట పాడుతుంది: ప్రయాణికుడే గుమ్మం దగ్గర అజాగ్రత్తగా నిలబడ్డాడు. అందులో ఏ శాఖకూ భిన్నాభిప్రాయం ఉండదు.