పులికాటు పడవ పర్వం

అదిగో, నేటి తిరువళ్ళూరు జిల్లా తూర్పు కొసన, ప్రళయకావేరి అని మన పెద్దలు పిలిచిన పులికాటు! ఎదుట లవణసముద్రం. దాని మీద, పాలకడలి నుంచి దారితప్పి వచ్చిన ఐరావతంలా, గ్లోబు అనే ఆంగ్లనౌక. కాలం 1611 ఆగస్టు. ఈస్టిండియా కంపెనీ వారి ఏడవ యాత్ర. నౌకానాయకుడు ఆంటొనీ హిప్పన్. గుడ్‌హోప్ అగ్రాన్ని చుట్టివచ్చిన ఆ మహాపోతానికి ఇక జయించవలసింది ఒక్కటే మిగిలింది: కనుచూపు మేరలో ఉన్న ఒడ్డు.

రేవు అధికారి షాబందరు మనుషులు కౌలు, అంటే అనుమతిపత్రం, తెచ్చారు. దిగింది పడవ! అధిరోహించారు కంపెనీ వర్తకులు బ్రౌను దొర, ఫ్లోరిస్ దొర. (ఈ ఫ్లోరిస్ పుట్టుకకు డచ్చివాడు, కొలువుకు ఇంగ్లీషువాడు, ఇతిహాసాలకు ఇలాంటివాడొకడు ఉండితీరాలి.) లేచాయి తెడ్లు, పడ్డాయి తెడ్లు. అప్పుడు లేచింది కెరటం!

ఏమి కెరటమది! కొబ్బరినారతో కుట్టిన మసూలా పడవలకే ఒక పట్టాన లొంగని ఘోరతరంగవంశ సంజాత; నీలమేఘశ్యామగాత్ర, ధవళఫేనకిరీట, శతశంఖభేరీ భాంకారకంఠ. పొట్టేలులా రెండడుగులు వెనక్కి తగ్గింది. ఉరికింది. కుమ్మింది. అంతే! అడుగుభాగం ఆకాశాన్ని చూసింది, దొరల ముఖాలు పాతాళాన్ని చూశాయి, తెడ్లు తలోదిక్కుకూ శరణార్థులై పోయాయి. దేవుడి దయవల్ల ఒక్కడూ మునగలేదని ఫ్లోరిసే రాసుకున్నాడు. ఆంగ్ల వాణిజ్యలక్ష్మి కోరమాండల్ గడ్డ మీద కాలు మోపవలసిన శుభఘడియలో, నోటినిండా ఉప్పునీళ్ళతో, మేజోళ్ళనిండా ఇసుకతో, నాలుగు కాళ్ళ మీద పాకింది.

షాబందరు జాలిపడి మంచి ఇల్లు చూపించాడు. బట్టలారాయి. ఇంతలో డచ్చి వర్తకుల పెద్ద వాన్ వెసిక్ గరుడాస్త్రం లాంటి కాగితమొకటి తీశాడు: డచ్చివారి మోరిస్ యువరాజు పత్రం లేనిదే ఐరోపావాడెవడూ ఇక్కడ బేరమాడరాదని విజయనగర రాజు వెంకటపతిరాయలు ఇచ్చిన కౌలు. మా రాజు ఆజ్ఞ మాకుందని దొరలు ఎంత గర్జించినా ఫలం లేదు. ఊరి పాలకురాలు కొండమ్మ దర్శనమూ దక్కలేదు. మనవాళ్ళ ముందు ఇంగ్లండు రాజు పేరు చెల్లని రోజులవి!

గ్లోబు లంగరెత్తి నిజాంపట్నం మీదుగా మచిలీపట్నం చేరి అక్కడ వర్తకస్థావరం పెట్టుకుంది. పులికాటులో డచ్చివారు 1613లో గెల్డ్రియా కోట లేపారు. ఇంగ్లీషువారికి ఈ తీరాన కోట కట్టుకునేందుకు దామెర్ల వెంకటాద్రి నాయకుడు అనుమతి ఇచ్చింది 1639లో, పులికాటుకు దక్షిణాన, చెన్నపట్నంలో.