తాగినోడికీ అదే ప్రీమియం, తాగనోడికీ అదే

కర్నూలు జిల్లా తుగ్గలి దగ్గర ఒక పెద్దమనిషి ఉన్నాడనుకుందాం. పేరు మనకెందుకు? ఆదోని రోడ్డులో రాత్రిపూట పోలీసుల గొట్టంలోకి ఊది దొరికిపోయాడు. మొదటిసారి కాబట్టి చట్టం ప్రకారం జరిమానా పదివేల దాకా, కట్టాడు. లైసెన్స్ మూడు నెలలు సస్పెండ్ అయింది. రిఫ్రెషర్ శిక్షణలో కూర్చుని, నిద్రపోయి, లేచి వచ్చాడు. లైసెన్స్ మళ్లీ చేతికొచ్చింది. అంతలో కారు ఇన్సూరెన్స్ గడువు ముంచుకొచ్చింది. పాపం, ఆయనకు ఒక భయం పట్టుకుంది. ఇప్పుడు తనను చూసి కంపెనీవాళ్లు ప్రీమియం రెండింతలు చేస్తారేమోనని!

ఏజెంటుకు ఫోన్ చేశాడు.

"అన్నా, నా లైసెన్స్ మొన్ననే వదిలినారు. రేటేమన్నా పెరుగుతాదా?"

"లైసెన్స్‌తో మాకేం పనన్నా? ఆర్‌సీ ఫోటో వాట్సాప్‌లో పెట్టు. పోయినేడు క్లెయిమ్ చేసుకున్యావా?"

"లేదన్నా."

"అట్లయితే నీకు బోనస్ కూడా వస్తాదిలే."

బోనస్! తాగి మైలురాయిని గుద్ది, ఊళ్లో ఎవరికీ తెలియకుండా సొంత డబ్బుతో సొట్ట తీయించుకున్నాడు కదా, అందుకు బహుమతి. దీని పేరు నో క్లెయిమ్ బోనస్. సొంత కారు నష్టానికి కట్టే ప్రీమియంలో తగ్గింపు, మొదటి ఏడు 20 శాతంతో మొదలై అయిదేళ్లకు 50 శాతం దాకా పోతుంది. అదే ఊళ్లో చుక్క ముట్టని ఒక టీచరు ఉన్నారు. పత్తికొండ నుంచి వస్తుంటే గేదె అడ్డమొచ్చింది, బంపర్ పోయింది, న్యాయంగా క్లెయిమ్ చేసుకున్నారు. పెరుగుతూ వచ్చిన ఆయన బోనస్ ఒక్క సంతకంతో సున్నా. తాగి నడపడం నేరం, కానీ క్లెయిమ్ చేయడం మహానేరం.

ఇక ఎదుటివాళ్ల నష్టానికి కట్టే థర్డ్ పార్టీ బీమా సంగతి. అది కంపెనీ ఇష్టం కాదు, కేంద్ర ప్రభుత్వం నిర్ణయించే రేటు. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం 1000 సీసీ దాటి 1500 సీసీలోపు కారుకు ఏడాదికి 3,416 రూపాయలు. ఆ పట్టికలో ఇంజిన్ సైజుకు గడి ఉంది, స్టీరింగ్ పట్టుకున్నవాడికి లేదు. ఇంజిన్ ఎన్నడూ తాగదు కాబట్టి దాన్ని సీసీల్లో కొలుస్తారు. తాగేవాణ్ణి కొలవడానికి కొలపాత్ర ఇంకా దొరకలేదు. యజమానికిచ్చే 15 లక్షల ప్రమాద బీమా దగ్గర మాత్రం చెల్లే లైసెన్స్ ఉందా అని ఒక మాట అడుగుతారు. అక్కడ టిక్కు పెట్టేది కూడా ఏజెంటే.

అంటే కంపెనీ లైసెన్స్ ముఖమే చూడదా? ఎందుకు చూడదు! డబ్బు తీసుకునేటప్పుడు చూడదు, ఇచ్చేటప్పుడు భూతద్దం పెట్టి చూస్తుంది. ప్రమాదం జరిగిన సమయానికి నడిపేవాడికి చెల్లే లైసెన్స్ ఉండాలి, అతను అనర్హుడై ఉండకూడదు అని పాలసీలో డ్రైవర్ క్లాజు ఉంటుంది. మత్తులో నడిపితే సొంత కారు నష్టానికి పైసా రాదు. ఆ సస్పెన్షన్ మూడు నెలల్లో మన పెద్దమనిషి "ఇక్కడిక్కడే కదా" అని జొన్నగిరి దాకా నడిపి ఎవరినైనా గుద్దితే ఏమవుతుంది? 2004లో సుప్రీంకోర్టు స్వరణ్ సింగ్ కేసులో దారి చెప్పింది: లైసెన్స్ సరిగా లేదన్న సాకుతో కంపెనీ బాధితులకు ఎగ్గొట్టడానికి లేదు, ముందు వాళ్లకు చెల్లించి తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు. బాధితుల మట్టుకు మంచి తీర్పు. యజమాని మట్టుకు, వర్షాధారపు నాలుగెకరాలు పోయే తీర్పు.

అమెరికాలో మనవాళ్లను అడగండి. అక్కడ తాగి నడిపి లైసెన్స్ పోగొట్టుకున్నవాడు దాన్ని తిరిగి తెచ్చుకోవాలంటే చాలా రాష్ట్రాల్లో ఎస్ఆర్-22 అనే కాగితాన్ని ఇన్సూరెన్స్ కంపెనీ చేత ప్రభుత్వానికి పంపించాలి. రెండు మూడేళ్లు పాలసీ ఆగకూడదు. ఆగిందంటే కంపెనీయే ప్రభుత్వానికి చెప్పేస్తుంది, లైసెన్స్ మళ్లీ పోతుంది. ప్రీమియం సంగతి చెప్పనక్కర్లేదు. అమెరికాలో అన్నీ మంచివని నేననను, వైద్యం ఖర్చు తలచుకుంటే జ్వరం వస్తుంది. కానీ తాగినవాడి బిల్లు తాగనివాడి మీద వేయడం ఈ ఒక్కచోట వాళ్లు తగ్గించుకున్నారు.

మనకు ఆలోచన రాలేదనుకుంటే తప్పు. హైదరాబాద్‌లో ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నియమించిన బృందం 2021 జనవరిలోనే నివేదిక ఇచ్చింది. ట్రాఫిక్ ఉల్లంఘనలకు పాయింట్లు వేయాలి, తాగి నడిపితే 100, అడ్డదిడ్డంగా పార్కు చేస్తే 10, ఆ లెక్కన అదనపు ప్రీమియం వసూలు చేయాలి అంది. ముందు ఢిల్లీ ప్రాంతంలో మొదలుపెట్టమంది. ఏళ్లు గడిచినా మన రసీదులో ఆ గీత కనిపించదు. మా తుగ్గలి మండలంలోనే ఎర్రగుడి బండల మీద అశోకుడు రెండువేల రెండువందల ఏళ్లకు పూర్వమే చెక్కించిన శాసనాలు మాత్రం ఇప్పటికీ కనిపిస్తాయి. వాటిలో ఒకదాంట్లో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, వాటి పక్క వరుసలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. మన పెద్దమనిషి కారు రాత్రి పది దాటాక నడిచినట్టే. నివేదికను కూడా ఆ బండ మీదే చెక్కించి ఉంటే బాగుండేది, కనీసం పర్యాటకులైనా చదివేవారు.

2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు పక్కన చిన్నటేకూరు దగ్గర బస్సు కాలి 19 మంది ప్రయాణికులు బూడిదయ్యారు. బస్సు కిందికొచ్చిన బైకు నడిపినవాడు తాగి ఉన్నాడని ఫోరెన్సిక్ పరీక్ష తేల్చింది. అది చదివాక కూడా ఇంజిన్ సీసీలే లెక్కపెట్టుకుంటామంటే, మనకు చెప్పేవాడెవడు?

కాబట్టి అయ్యా, ఐఆర్‌డీఏఐ వారూ, ఆ 2021 నివేదికను అటక మీద నుంచి దింపండి. సస్పెండైన లైసెన్సుల వివరాలు రవాణా శాఖ కంప్యూటర్లలోనే ఉన్నాయి. రెన్యువల్ నాడు ఒక్కసారి చూడండి. మా టీచరు గేదె బాకీ కట్టుకుంటారు. పెద్దమనిషి బాకీ కూడా టీచరు చేత కట్టించకండి.