నేను పేల్చిన తుపాకీ

గ్యారీ కూపర్ చేత నేనొక మనిషిని చంపించాను. ముప్పై ఎనిమిదేళ్ల పాటు చంపిస్తూనే ఉన్నాను. సభల్లో చంపించాను, అచ్చులో చంపించాను, రెండు మూడు పెళ్లిళ్లలో భోజనాల బంతి దగ్గర కూడా చంపించాను. చచ్చిపోయాడని నేను చెప్పిన ఆ సైనికుడు మాత్రం సినిమాలో నిక్షేపంగా లేచి, బతుకు జీవుడా అంటూ తన దారిన తాను వెళ్లిపోయాడు. ఆ సంగతి నాకు 2024లో తెలిసింది. మా ఆవిడకి 1986లోనే తెలుసు.

ఆ సినిమా పేరు 'ఫ్రెండ్లీ పర్స్యూయేషన్'. విలియం వైలర్ తీశాడు, 1956లో వచ్చింది. అప్పట్లో విజయవాడలో మాకొక ఫిల్మ్ సొసైటీ ఉండేది. నెలకో సినిమా, పదహారు ఎంఎం ప్రింటు, గోడకి బిగించిన తెల్లగుడ్డ. ప్రొజెక్టర్ ఒక్కటే కాబట్టి రీలు అయిపోగానే లైట్లు వేసి ఇంకోటి ఎక్కించేవాళ్లు. ఆ సందులో సిగరెట్ బ్యాచి బయటికొచ్చేది. నేను ఆ బ్యాచికి నాయకుణ్ణి. కొత్తగా పెళ్లయింది, మా ఆవిణ్ణి లోపల మడత కుర్చీలో కూర్చోబెట్టి, "ఇప్పుడే వస్తా" అని వెళ్లాను.

ఇప్పుడే రాలేదు. అహింస సాధ్యమా అన్న ప్రశ్న మీద మెట్ల దగ్గర వాదన మొదలైంది. సాధ్యం కాదని నేను. లోపల సినిమా సరిగ్గా అదే ప్రశ్నకి జవాబు చెబుతోంది. వినడానికి నాకు తీరిక లేకపోయింది.

అప్పటిదాకా చూసిన కథ ఇది. అమెరికా అంతర్యుద్ధం రోజులు, 1862. ఇండియానా రాష్ట్రం దక్షిణాన, క్వేకర్లనే క్రైస్తవ శాఖకి చెందిన ఒక కుటుంబం. తండ్రి జెస్ బర్డ్‌వెల్, అంటే కూపర్. తల్లి ఎలైజా, డొరోతీ మెక్‌గ్వైర్. వాళ్ల మతంలో యుద్ధం పాపం, సంగీతం పాపం, గుర్రప్పందెం పాపం. జెస్‌కి ఈ మూడింట్లో మొదటిదాని మీద తప్ప మిగతా రెండింటి మీదా ప్రాణం. ఆదివారం ప్రార్థనకి వెళ్తూ పక్కింటి శామ్‌తో బండి పందెం వేస్తాడు. సంతకి వెళ్లి ఆర్గాన్ కొనుక్కొస్తాడు. ఆర్గాన్ ఇంట్లోకొస్తే నేను బయటికి పోతానని ఎలైజా కొట్టంలో పడుకుంటుంది. ఈయన కూడా దుప్పటి పట్టుకుని అక్కడికే చేరతాడు. తెల్లారేసరికి రాజీ: ఆర్గాన్ అటకెక్కుతుంది. ఇంతలో దక్షిణాది దళాలు ఊరి మీదికి వస్తున్నాయని కబురు. పొలాల అవతల పొగ. పెద్దకొడుకు జాష్ (ఆంథొనీ పెర్కిన్స్, 'సైకో'లో భయపెట్టింది ఈ కుర్రాడేనంటే నమ్మబుద్ధి కాదు) తుపాకీ పట్టుకుని వెళ్లిపోతాడు. తండ్రికి ఇంట్లో నిలవబుద్ధి కాదు. అక్కడ రీలు అయిపోయింది.

నేను లోపలికి తిరిగొచ్చేసరికి ఆదివారం. అందరూ బతికే ఉన్నారు, బండెక్కి ప్రార్థనకి బయల్దేరుతున్నారు. మధ్యలో ఏం జరిగి ఉంటుందో ఊహించడానికి నాకు ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. కొడుకు ప్రమాదంలో ఉన్నాడు, తండ్రి తుపాకీ తీసుంటాడు, కాల్చి కొడుకుని తెచ్చుకుని ఉంటాడు. కూపర్ ఉన్న సినిమాలో ఇంకేం జరుగుతుంది? 'సార్జెంట్ యార్క్'లో యుద్ధం వద్దన్న మనిషిగా మొదలుపెట్టి వీరుడిగా తేలినవాడు కూపరే. 'హై నూన్'లో ఆయన భార్య క్వేకర్ పిల్ల. హింస వద్దని భర్తనే వదిలి వెళ్లబోయిన మనిషి, చివరికి తానే తుపాకీ ఎత్తి ఒకణ్ణి కాలుస్తుంది. నా బుర్రలో ఈ సినిమాలన్నీ కలిసి ఒక పులుసయ్యాయి. అందులోంచి ఒక దృశ్యం తేలింది: చెట్టు చాటున కూపర్, బిగిసిన దవడ, ట్రిగ్గర్ మీద వేలు. అంత స్పష్టంగా కనిపించాక చూడలేదని ఎలా అనుకుంటాను?

సినిమా అయ్యాక చర్చ. మొదట లేచింది నేనే. చివర కూర్చున్నదీ నేనే. మర్నాడు కూర్చుని వ్యాసం రాసేశాను. ఒక చిన్న పత్రిక వేసుకుంది. దాని శీర్షిక తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి: 'అహింస చివరి రీలు'. తన కొట్టం తగలబడనంత వరకే మనిషికి అహింస అని అందులో తేల్చాను. అది పూర్తిగా నా సొంత తెలివి కూడా కాదు. సినిమాలో పర్డీ అని ఒక సంఘం పెద్ద ఉన్నాడు. ఏం జరిగినా ఆయుధం పట్టనని అందరికంటే గట్టిగా చెప్పినవాడు, తన కొట్టం తగలబడగానే పదండి యుద్ధానికి అంటాడు. వైలర్ ఎగతాళి చేసిన మనిషిని నేను సిద్ధాంతం చేసుకున్నాను. శీర్షికని కూడా 'స్నేహంగా నచ్చజెప్పడం' అని అనువదించి, తుపాకీతో నచ్చజెప్పడం ఎంత వ్యంగ్యమో చూడండని ఒక పేరా దంచాను. క్వేకర్లు తమని తాము పిలుచుకునే పేరే 'ఫ్రెండ్స్' అని, చమత్కారమంతా అక్కడుందని అప్పుడు తెలియదు.

ఎవరో పాఠకుడు కార్డు రాశాడు. "అయ్యా, కూపర్ కాల్చినట్టు నాకు జ్ఞాపకం లేదు" అని ఒకే వాక్యం. నేనూ ఒకే వాక్యంలో జవాబిచ్చాను: "మరోసారి శ్రద్ధగా చూడగలరు."

2024లో మా అమ్మాయి దగ్గరికి వెళ్లాం. వాళ్లుండేది ఇండియానాపోలిస్. ఇది బర్డ్‌వెల్ వాళ్ల రాష్ట్రమేనని దిగిన రోజునుంచీ చెప్పి చెప్పి అందర్నీ విసిగించాను. కథ జరిగేది దక్షిణాన జెన్నింగ్స్ కౌంటీలో. మూల పుస్తకం రాసిన జెస్సమిన్ వెస్ట్ 1902లో పుట్టింది ఆ ప్రాంతంలోనే, వెర్నన్ అనే ఊళ్లో. తన ముత్తాతనే జెస్‌గా మలిచింది. ఆయన మొక్కల నర్సరీ నడిపిన క్వేకర్. ప్రెసిడెంటు నిక్సన్ తల్లిది కూడా ఆ వంశమే. అహింసావాదుల మనవడు వియత్నాం యుద్ధం నడిపించాడు చూశారా అని ఆ సందులో నా సిద్ధాంతాన్ని ఇంకాస్త బిగించాను.

ఒక శనివారం రాత్రి అల్లుడు సినిమా పెట్టాడు. పక్కింటి పెద్దావిణ్ణి కూడా పిలిచాం. ఎనభై దాటిన మనిషి. ఆవిడ క్వేకర్ అని మా అమ్మాయి నాకు చెప్పలేదు. చెప్పినా నేను ఆగేవాణ్ణి కాదేమో. లేచి నిలబడి పది నిమిషాలు పరిచయ ప్రసంగం చేశాను. అల్లుడు, "మావయ్యగారూ, క్వేకర్లంటే ఆ ఓట్స్ డబ్బా వాళ్లేనా?" అన్నాడు. "వాళ్లే. ఆ డబ్బా మీద ముసలాయన వాళ్ల మతగురువు" అన్నాను. ఆ కంపెనీకీ ఆ మతానికీ పేరు తప్ప సంబంధం లేదు. ఆవిడ వెళ్లే మీటింగులో గురువు అనేవాడే లేడు. అందరూ మౌనంగా కూర్చుంటారు, లోపలినుంచి మాట పుట్టినవాళ్లు లేచి చెబుతారు, లేకపోతే గంటసేపు మౌనమే. ఇదంతా ఆవిడ తర్వాత, నా పరువు పోకుండా, మా అమ్మాయికి చెబుతున్నట్టుగా చెప్పింది.

పరిచయంలో ఒక్క సంగతి మాత్రం సరిగ్గా చెప్పాను. పాత క్వేకర్లు ఎవరినీ 'మీరు' అనేవాళ్లు కాదు. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండులో జార్జి ఫాక్స్ మొదలుపెట్టినప్పటినుంచీ రాజుకైనా కూలివాడికైనా ఒకటే 'నువ్వు', ఎవరి ముందూ టోపీ తియ్యడం లేదు. సినిమాలో మొగుడూ పెళ్లాం మాట్లాడుకునే ఆ పాతకాలపు ఇంగ్లీషు అదే. నేను 'నువ్వు' అంటూ, ఆవిడ 'మీరు' అంటూ గడిచిన సంసారంలో నిలబడి ఆ సమానత్వం గురించి ధారాళంగా మాట్లాడాను. ముగింపుగా, "చివర్లో కూపర్ తుపాకీ తీసే చోటు చూడండి, సినిమా మొత్తం అక్కడే ఉంది" అన్నాను. పెద్దావిడ నా వంక ఒకసారి చూసి కాఫీ కప్పులోకి చూసుకుంది.

ఆ చోటు వచ్చింది. కొడుకుని వెతుక్కుంటూ వెళ్లిన జెస్‌కి దారిలో శామ్ కనిపిస్తాడు, అదే బండి పందాల శామ్, చాటునుంచి ఎవడో కాల్చితే చావుకి దగ్గరపడి. అతను పోయాక ఆ చాటువాడే జెస్‌నీ కాలుస్తాడు. గుండు తలని రాసుకుంటూ పోతుంది. చచ్చినట్టు పడుకుని, వాడు దగ్గరికి రాగానే కలబడి, తుపాకీ లాక్కుంటాడు. నేను సోఫా అంచుకి జరిగాను. ప్రాణస్నేహితుణ్ణి చంపినవాడు ఎదురుగా, చేతిలో తుపాకీ. కూపర్ వాణ్ణి వదిలేశాడు. ఏమీ చెయ్యనని చెప్పి మరీ పంపించేశాడు.

"తాతయ్యా, వదిలేశాడుగా?" అంది మనవరాలు.

"ఆగు, ఇంకా ఉంది" అన్నాను.

జాష్ గాయపడి కనిపించాడు, తాను చంపినవాడి పక్కన కూర్చుని. "ఇంకా ఉంది." కొడుకుని తీసుకుని తండ్రి ఇంటికొచ్చాడు. "ఇంకా ఉంది." బండెక్కారు, ప్రార్థనకి బయల్దేరారు, సినిమా అయిపోయింది. అప్పుడు నేనన్న మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. "ఇది కట్ చేసిన ప్రింటయి ఉంటుంది" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. తలొక మాటా మొదలుపెట్టారు. అల్లుడికి సినిమా నచ్చలేదు. యుద్ధం సినిమా అన్నారు, ముప్పాతిక వంతు బాతూ, బండి పందెం, సంతే కదా అన్నాడు. మనవరాలికి ఆ బాతే సినిమా. దాని పేరు సమంత కావడంతో వాళ్లమ్మతో కలిసి గంటసేపు నవ్వుకుంది. మా అమ్మాయికి ఎలైజా నచ్చింది. ఇంటి మీద పడ్డ సైనికులకి వండి వడ్డించిన ఆ శాంతమూర్తే, వాళ్లలో ఒకడు సమంతని పట్టుకోబోతే చీపురు తిరగేసి బాదేస్తుంది. పొరుగువాళ్లకి ధర్మం బోధించే ఆవిడే నియమం తప్పిందని మా అమ్మాయి పాయింటు. నాకది కొత్త. ఆ సీను కూడా నేను మెట్ల మీద ఉన్నప్పుడే జరిగిందిగా.

పెద్దావిడకి అసలు ఈ సినిమాతోనే పేచీ ఉంది. తన వాళ్లని మరీ ముద్దుగా, వినోదానికన్నట్టు చూపించారంటుంది. అయినా చాలాసార్లు చూసిందట. జాష్ ఏడుస్తూ కాల్చే సీను దగ్గర ప్రతిసారీ ఆగిపోతుందట. నిజంగానే ఇండియానాలో ఎందరో క్వేకర్ కుర్రాళ్లు బానిసత్వం పోవాలని యుద్ధానికి వెళ్లారని, తిరిగొచ్చినవాళ్లని ఏం చెయ్యాలో తెలియక మీటింగులు తలపట్టుకున్నాయని చెప్పింది. కొందరిని వెలివేశారు, తప్పు ఒప్పుకున్నవాళ్లని చాలామందిని కలుపుకున్నారు. ఒప్పుకోవడం అన్న మాట దగ్గర నావైపు చూసిందని నాకనిపించింది. చూడలేదేమో కూడా.

నిద్ర పట్టక ఫోన్లో ఈ సినిమా గురించి దొరికినదల్లా చదివాను. చదివేకొద్దీ నా వ్యాసంలో కొత్త కొత్త బొక్కలు బయటపడ్డాయి. కథనం బలమంతా వైలర్ కలానిదని రాశాను. స్క్రిప్టు మైకేల్ విల్సన్‌ది. కమ్యూనిస్టుల వేటలో 1951లో అమెరికా చట్టసభ విచారణ కమిటీ ముందు నోరు విప్పలేదని బ్లాక్‌లిస్టులో పెట్టినందుకు తెర మీద అతని పేరే వెయ్యలేదు. రచనకి ఆస్కార్ నామినేషన్ వచ్చింది గానీ రాసినవాడు అనర్హుడన్నారు. 1957లో ఈ సినిమా కాన్‌లో అగ్ర బహుమతి గెలిచింది. అతని పేరు మాత్రం 1996లో గానీ తిరిగి ఎక్కలేదు, అప్పటికి మనిషి పోయి చాలా ఏళ్లయింది. ఇంకో వింత: 1988లో మాస్కో వెళ్లిన రీగన్, గోర్బచేవ్‌కి కానుకగా ఇచ్చింది ఈ సినిమానే. రీగన్‌కి అందులో దేశభక్తీ కనిపించింది, శాంతీ కనిపించింది. ఎంతైనా ఆయన చివరిదాకా చూసే ఇచ్చి ఉంటాడు.

నాకు కాస్త ఊరట దొరికింది ఒక్కచోటే. ఆ సీను తియ్యబోయే ముందు కూపర్ కూడా గునిశాడట. నా ప్రేక్షకులు నేనేదో ఒకటి చేస్తానని చూస్తారు, ఊరుకుంటే ఒప్పుకోరని వెస్ట్‌తో వాదించాడట. బలమున్నవాడు తనని తాను ఆపుకోవడమే వాళ్లకి చూపించబోతున్నామని ఆవిడ నచ్చజెప్పింది. ఆయన విన్నాడు. ఆయన చెప్పిన ఆ ప్రేక్షకుణ్ణి నేనే. ఆయన ఊరుకుంటే ఒప్పుకోలేక, విజయవాడ మెట్ల మీద నిలబడి ఆయన బదులు నేను కాల్చాను.

పక్కన మా ఆవిడ మేలుకునే ఉంది.

"ఆ సీను నీకు గుర్తుందా, అప్పటిది?"

"ఎందుకు గుర్తులేదు? తుపాకీ లాక్కుని పొమ్మన్నాడుగా. ఆ రోజు ఏడుపొచ్చింది నాకు."

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"రిక్షాలో చెప్పబోయాను. మీరు మాట్లాడుతున్నారు."

"తర్వాతైనా..."

"తర్వాత అచ్చయింది. మీ అమ్మగారు ఊరంతా చూపించారు. అప్పుడేం చెప్పను?"

కాసేపటికి, "అసలు నీకేమనిపించింది ఆ సినిమా?" అన్నాను. పెళ్లయ్యాక ఏ సినిమా గురించీ నేను ఆవిణ్ణి అడగని ప్రశ్న అది. "పొద్దున చెప్తాలెండి, నిద్రొస్తోంది" అంది.

పొద్దున కాఫీ తెచ్చి ఎదురుగా కూర్చుంది. "ఆ ఆర్గాన్ ఉంది చూశారూ, దాన్ని అటక మీద పెట్టించాక ఆవిడ..." అని మొదలుపెట్టింది.

"అదే! నేననేదీ అదే" అన్నాను. రాత్రంతా కూర్చుకున్న కొత్త సిద్ధాంతం నాలిక చివర సిద్ధంగా ఉంది. అల్లుణ్ణి కూడా రమ్మని కేకేశాను. ఎంతసేపు చెప్పానో నాకు తెలియదు. తలెత్తి చూసేసరికి ఎదురుగా ఖాళీ కప్పు ఉంది, వంటింట్లో పోపు చిటపటలాడుతోంది.