తుప్పురంగు మనవడు

పండగలకు హైదరాబాదు బస్సు దిగే మనవళ్లలో కొత్త జాతి ఒకటి బయల్దేరింది. పాములపాడులో మా వీధికే ఇద్దరున్నారు. చేసే పని డిజైను. దేని డిజైనో కన్నవాళ్లకు ఇంతవరకు అంతుబట్టలేదు. గుర్తుపట్టడం మాత్రం సులువు: నలిగిన చొక్కా, ఇటుకపొడి రంగు ప్యాంటు, భుజాన గోనెసంచిలాంటి సంచి. అది గోనెసంచే, కాకపోతే దుడ్లిచ్చి కొన్నది.

ఆ ఇద్దరిలో ఒక మనవడు చొక్కా రంగును ‘రస్ట్’ అంటాడు. అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుని చూసి, “తుప్పు మరక ఊరికే పోదు నాయనా, ఉప్పూ నిమ్మకాయా ఏసి రుద్దాల” అంటుంది. అరవై ఏళ్లు ఇంటిల్లిపాది బట్టల్లోంచి ఆమె వదలగొట్టిన రంగులన్నీ ఏరి తొడుక్కొచ్చినాడు మరి. ‘టెర్రకోటా’ ఆమెకు కుండపెంకు. ‘మస్టర్డ్’ ఆవపిండి. ‘బీజ్’ దగ్గర కాసేపు ఆగి, “ఉతకని తెలుపా?” అంది.

రంగుల కంపెనీ పాంటోన్ 2025 సంవత్సరపు రంగుగా ‘మోకా మూస్’ను ప్రకటించిందని వీడు ఇంట్లో చాటింపేశాడు. “మూసంటే కంసాలి మూసేనా?” అంది అవ్వ. కాదని చెప్పబోయాడు గానీ, మట్టిమూసదీ ఇంచుమించు అదే రంగు. ఎట్లా కాదంటాడు?

ఇక శ్రీకాళహస్తి కలంకారీ సంగతి ఎత్తితే వాడికి పూనకమే. బట్టను కరక్కాయ కలిపిన బర్రెపాలలో ముంచుతారు, తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో ఊరబెట్టి నల్లరంగు తీస్తారు అని గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. “పాలూ బెల్లమూ గుడ్డకు పోసి, నువ్వు మాత్రం చక్కెర లేని కాఫీ తాగుతాండావు” అని అవ్వ లోపలికి పోయింది.

వాడు వదలలేదు. కర్నూలు జిల్లా కేతవరం గుహల్లో ఆదిమానవులు ఎర్రమట్టితో బొమ్మలు వేశారని ఫోన్లో చూపించాడు. అవ్వ నిజంగానే జాలిపడింది. “పాపం, వాళ్లకు వేరే రంగులు దొరకలేదు కదప్పా.”

నా మట్టుకు నేను వాడి పక్షమే. కడపకు పూసే జాజు, కాలిన కుండ ఎరుపు, తుప్పు, మూడింట్లోనూ ఉన్నది ఇనుమే. పచ్చమట్టిని కాలిస్తే అదీ ఎర్రబడుతుంది. ఒకింటి బిడ్డలు గనకే ఆ రంగులు పక్కపక్కన కొట్లాడుకోవు. చిక్కల్లా మనవడి నాయనతో వచ్చింది. “ఎర్తీ అంటే నేల రంగే కదరా? మన చేను నల్లరేగడి. నీ ప్యాంటు యాడి నేలదిరా?” అన్నాడాయన. దానికి వాడి దగ్గర జవాబు లేదు. శ్రీశైలం వరద ఎర్రగా వచ్చిన రోజున బానకచర్ల రెగ్యులేటరు దగ్గర నిలబడి ఫోటో దిగి, “ఇదీ నా ప్యాలెట్” అని నాయనకు పంపాడు. ఆ ఫోటోలో వాడెక్కడున్నాడో వెతకడానికి నాకు కళ్లజోడు కావలసి వచ్చింది.

ఆళ్లగడ్డలో పెళ్లిచూపులకు కావిరంగు కుర్తా తొడుక్కుని పోయాడు. పిల్ల మేనమామ వీణ్ని కిందికీ పైకీ చూసి, నన్ను చాటుకు పిలిచి, “అబ్బాయి ఏ మాల ఏసినాడు? దీక్ష అయినాకే మాట్లాడుకుందామా?” అన్నాడు. సంబంధం ఇంకా అట్లే నానుతోంది.

ఈ సంక్రాంతికి ముందు ఇంటికి రంగులేయించారు. అవ్వ తన గదికి చిలకపచ్చ అడిగింది. మనవడు ముందుగదికి నాలుగు కంపెనీల రంగుల పుస్తకాలు తెప్పించి, ఏ ఒక్కటీ ‘నిజాయితీగా లేద’ని పక్కన పెట్టాడు. మేస్త్రీ తన పని తాను చేసుకుపోతూ పాత గోడ గీకుతున్నాడు. నీలం ఊడింది, సున్నం ఊడింది, ఇంకా కిందికి పోయేసరికి మనవడు ఎగిరి గంతేశాడు.

“ఆపు! ఇదే! ఈ షేడ్ పేరేంది?”

మేస్త్రీ గోడ వైపు, వాడి వైపు చూశాడు. “గోడ, సామీ.”

ముందుగది ఇప్పటికీ అట్లే ఉంది. వచ్చినవాళ్లంతా రంగులెప్పుడేయిస్తారని అడుగుతున్నారు. మేస్త్రీ మాత్రం రెండు కోటింగుల కూలి లెక్కగట్టి తీసుకున్నాడు.