తాతకు చియా పుడ్డింగు

దసరా సెలవులకు హైదరాబాద్ నుంచి వచ్చిన మా మేనకోడలు, వాళ్ల తాతకు చియా పుడ్డింగు చేసి పెట్టింది. వాళ్ల ఇల్లు దోమకొండలో, గడికోట వెనుక వీధిలో. తాతకు షుగరు. పొద్దున రెండు ఇడ్లీలు తిన్నా మీటరు ఎక్కువే చూపిస్తోందని ఆ పిల్లకు బెంగ.

"పీచు ఎక్కువున్నది తింటే షుగరు మెల్లగా ఎక్కుతది తాతా" అంటూ బ్యాగులోంచి పావుకిలో చియా ప్యాకెట్ తీసింది. హాస్టల్ ఖర్చుల్లోంచి మిగిల్చి రెండొందల యాభై పెట్టి కొన్నదట.

పద్ధతి తేలికే. గ్లాసెడు పాలు కాచి చల్లార్చి మూడు చెంచాల గింజలు వేయాలి. వేయగానే ఒకసారి, పది నిమిషాలాగి మళ్లీ ఒకసారి కలపాలి. ఆ రెండోసారి మరిచిపోతే గింజలన్నీ అడుగున ఉండకట్టి ఎంత చిదిమినా విడవవు. గింజ తన బరువుకు పది రెట్లు నీళ్లు పీలుస్తుంది కాబట్టి, బర్రెపాలలో కొంచెం నీళ్లు కూడా పోసింది.

"పాలు ఇంత చిక్కగున్నయేంది నానమ్మా?" అనడిగింది.

"దాణా మంచిగ పడ్డది బిడ్డా" అంటూ నానమ్మ ఖాళీ చెంబు తీసుకుని కొట్టంలోకి వెళ్లిపోయింది.

గిన్నె రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంది. తెల్లారి చూస్తే పాలు గట్టిపడి, ఒక్కో గింజ చుట్టూ పారదర్శకమైన జిగురు పొర. తాత గిన్నెలో జామ, బొప్పాయి ముక్కలు, పైన గుప్పెడు దానిమ్మ గింజలు. తీపి ఏమీ లేదు. మా గిన్నెల్లో మాత్రం సీతాఫలం గుజ్జు, కాస్త కామారెడ్డి బెల్లం. నన్నడిగితే ఈ పుడ్డింగుకు సీతాఫలాన్ని మించిన పండు లేదు. గింజలు తీసే ఓపిక ఉండాలంతే.

తాత గిన్నె గీకి గీకి తిన్నాడు. "ఏం గింజ బిడ్డా ఇది?"

"మెక్సికో దిక్కు పుట్టింది తాతా. ఐదొందల ఏండ్ల కింద అక్కడి అజ్టెక్ రాజులు దీన్ని కప్పంగా తీసుకునేటోళ్లట" అని ప్యాకెట్ చేతికిచ్చింది.

ఆయన నాలుగు గింజలు అరచేతిలో పోసుకుని గడప దగ్గర వెలుతురులోకి పోయాడు. బూడిదరంగు, నలుపు, మీద సన్నని మచ్చలు. ఒకటి కొరికి చూశాడు. చాలాసేపు మాట్లాడలేదు.

"నిరుడు మక్కలు కోసినంక అరెకరంల ఇదే ఏసిన" అన్నాడు.

కోతులు, అడవిపందులతో వేగలేక వేశాడట. ఒక వ్యాపారి వచ్చి విత్తనం ఇచ్చి, మందుల కంపెనీలు కొంటాయి, పంటంతా నేనే తీసుకుంటానన్నాడు. ఆ ఆకు వాసనకు కోతి గానీ పంది గానీ దగ్గరికి రాలేదు. చేనంతా నీలంగా పూసింది. నాలుగు నెలలకు కోసి, నూర్చి, తూర్పారబట్టి మూడు బస్తాలు ఇంటికి తెచ్చుకున్నాక వ్యాపారి ఫోన్ ఎత్తలేదు. వరికి, మక్కలకు ఉన్నట్టు చియాకు కనీస మద్దతు ధర లేదు. దీనికి పెద్ద మార్కెట్టు మధ్యప్రదేశ్‌లోని నీమచ్. మూడు బస్తాలు పట్టుకుని అంతదూరం ఎవరు పోతారు? చేతికొచ్చిన పంటను తూచేవాడే లేకపోతే రైతు ఎవరికి చెప్పుకోవాలి? పండించినవాడికి, అది తినే గింజ అని చెప్పినవాళ్లు కూడా లేరు. ఈ రెండో తప్పు నాకు మొదటిదానికంటే పెద్దదిగా తోస్తుంది.

మేనకోడలు ప్యాకెట్ వెనకున్న ధర ఒకసారి చూసుకుంది. లెక్క కట్టడం ఆ పిల్లకు క్షణం పని. కిలో వెయ్యి రూపాయలు.

"మరి ఆ మూడు బస్తాలేవి తాతా?" అంటూ గబుక్కున లేచింది.

తాత కొట్టం వైపు చూశాడు. నానమ్మ పాలచెంబుతో అప్పుడే లోపలికి వస్తోంది.

"ఎవ్వరు కొనకపాయె. పారేసుడెందుకని పొద్దుమాపు రెండు దోసిళ్లు కుడితిల నానేసి బర్రెకు పెట్టిన బిడ్డా" అన్నది. "ఆఖరి బస్తా మొన్న సద్దుల బతుకమ్మ నాడే ఒడిసింది."