రోజుకు అయిదున్నర రూపాయల పన్ను

భాగహారం సార్లు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. జనగామలో అయితే వాడకొకరు దొరుకుతారు. బళ్ళో లెక్కలు చెప్పో, బ్యాంకులో క్యాషు చూసో రిటైరై ఉంటారు. ఏ వస్తువు ధర విన్నా దాన్ని ముందు ఏండ్లతో, తర్వాత రోజులతో భాగించి, ఆఖర్న మిగిలిన రూపాయిన్నరను చూసి 'అగ్గువే' అనో 'పిరమే' అనో తీర్పు చెబుతారు. బిడ్డ పెండ్లి ఖర్చును కూడా ఇట్లా భాగించి చూపించిన ఒక పెద్దమనిషి నాకు తెలుసు. అల్లుడికీ ఆయనకూ ఇప్పటికీ మాటల్లేవు.

మా వాడ సారు లెక్కల టీచరు. జనగామ ఇంకా వరంగల్ జిల్లాలో ఉండగానే, అంటే 2016 దసరాకు ముందే, పెన్షన్‌లోకి వచ్చాడు. ఇప్పుడు 68 ఏండ్లు. ఒక దావత్‌లో నల్లిబొక్కను పట్టుబట్టి కొరికాడు. టప్పుమన్నది బొక్కే అనుకొని సంబరంగా చప్పరించాడు గానీ, చీలింది కింది దవడలో కుడివైపు దంతం. పీకించక తప్పలేదు.

పీకిన డాక్టరమ్మ సారు దగ్గర పదో తరగతి చదివిన పిల్లే. ఇక ముందు ఏం చేయొచ్చో విడమర్చి చెప్పింది. ఖాళీగా వదిలేయొచ్చు. తీసి పెట్టుకునే పన్ను కట్టించుకోవచ్చు. అటూ ఇటూ ఉన్న మంచి పండ్లను అరగదీసి బ్రిడ్జి వేయించుకోవచ్చు. లేదంటే దవడలో టైటానియం స్క్రూ దింపి, దాదాపు 3 నెలలకు ఎముక దాన్ని పట్టుకున్నాక పైన క్యాప్ బిగించుకోవచ్చు. ఈ ఆఖరిదే ఇంప్లాంట్. మొత్తం 40 వేలు.

"నలభై వేలా! చక్రవడ్డీ నీకు నేనే చెప్పిన గద బిడ్డా."

"అందుకే సార్, మీకు వడ్డీ వేస్తలేను."

ఆ రాత్రి సారు నోట్‌బుక్కు తీశాడు. 20 ఏండ్లు నిలుస్తుందనుకుంటే ఏడాదికి 2,000. రోజుకు 5 రూపాయల 48 పైసలు. హోటల్లో చాయే పది రూపాయలు, కాబట్టి అగ్గువే. కింద గీత కూడా కొట్టాడు. అంతలో అనుమానం పట్టుకుంది. పన్ను 20 ఏండ్లు ఉంటది సరే, నేను ఉంటనా? 78కే పోతే రోజుకు దాదాపు 11 రూపాయలు పడుతుంది. అది చాయ్ కంటే పిరం.

తెల్లారి నుంచి సారు వాకింగ్ మొదలుపెట్టాడు. షుగర్ ఉంది, నడవమని ఎందరు చెప్పినా మంచం దిగని మనిషి, పన్ను గిట్టుబాటు కావాలంటే 88 దాకా బతకాల్సిందేనని చెమటలు కారేలా నడిచాడు. షుగర్ అదుపులో లేకుంటే స్క్రూ సరిగ్గా కుదురుకోదని డాక్టరమ్మ అన్నదగ్గర్నుంచి జిలేబీ కూడా మానేశాడు.

ఈలోగా మనవడి ఫోన్లో వీడియోలు చూసి చదువు మొదలైంది. చాయ్ హోటల్ బెంచీ మీద మాకు పాఠం. "స్వీడన్‌ల బ్రోనెమార్క్ అని ఒక డాక్టరు. బొక్కల రక్తం ఎట్ల పారుతదో చూద్దామని 1952ల కుందేలు కాలుకు టైటానియం సామాను బిగించిండు. చూసుడైనంక తీస్తే రాలే. బొక్క పట్టుకున్నది. అసలు ఎందుకు తీయబోయిండు? పిరం సామాను, మళ్ళా వాడుకుందామని! పొదుపు చేయబోయిండు కాబట్టే గింత పెద్ద సంగతి దొరికింది." ఈ ముచ్చట దంతవైద్యులూ చెప్పుకునేదే. కాకపోతే వాళ్ళు ఎముక గొప్పతనం గురించి చెబుతారు, సారు పొదుపు గొప్పతనం గురించి చెప్పాడు.

మొట్టమొదట ఇంప్లాంట్లు పెట్టించుకున్న గోస్టా లార్సన్ మీదైతే సారుకు సొంత చుట్టమంత అభిమానం. "1965ల పెట్టిండ్రు. 2006ల మనిషి పోయిండు. స్క్రూలు మాత్రం చెక్కుచెదరలే." అని కాసేపు ఆగి, బెంగగా అడిగాడు. "మరి మిగిలిన ఏండ్లు ఎవరి ఖాతాల పడాలె?" జవాబు చెప్పేంత లెక్కలు ఆ బెంచీ మీద ఎవరికీ రావు.

తర్వాతి గండం కంపెనీ. స్విస్ వాళ్ళది, స్వీడన్ వాళ్ళది, కొరియా వాళ్ళది, మన దేశంలో చేసేది. క్యాప్‌తో కలిపి 20 వేల చుట్టుపక్కలా ఉంది, 50 వేలు దాటేదీ ఉంది. ఇంత తేడా ఎందుకో తేల్చాలని స్క్రూ ఫోటో పట్టుకొని సారు పెంబర్తి పోయాడు. అక్కడ ఇత్తడి పని చేసే ఒకాయన ధ్వజస్తంభం తొడుగుకు రేకు మీద పూలు లేపుతున్నాడు. "గ్రాము సుత తూగని ముక్క. గింత లోహానికి గన్ని పైసలా?" అని సారు న్యాయం అడిగాడు. ఆయన సుత్తె ఆపకుండానే, "రేకు ధర వేరే సార్, దెబ్బ ధర వేరే" అన్నాడు. సారు రోడ్డు దాకా వచ్చి, వెనక్కి పోయి, ఆ ముక్కను నోట్‌బుక్కులో రాసుకున్నాడు. స్క్రూ ఒంటిని ఎముక పట్టుకునేలా గరుకు చేయడం, క్యాప్‌కూ స్క్రూకూ మధ్య వెంట్రుక సందు లేకుండా కుదర్చడం, పెట్టినవాళ్ళను ఏండ్ల తరబడి గమనించి లెక్కలు రాయడం, ఇవన్నీ ఆ దెబ్బ ధరలోకే వస్తాయి. డాక్టరు చేతి పని దాని మీద మరో దెబ్బ.

సారును నేను వెక్కిరిస్తున్నాను గానీ, ఆయన అడిగిన ఒక ప్రశ్న చాలామంది రోగులకు తట్టదు. ఆయన దగ్గర పాత చేతక్ ఉంది. ఆ స్కూటరు తయారీ ఎప్పుడో ఆగిపోయింది, ఇప్పుడు చేతక్ అంటే కరెంటు బండి. పాత దానికి ఏ ముక్క కావాలన్నా హైదరాబాదు గల్లీలు తిరగాల్సిందే. అందుకని సారు డాక్టరమ్మను అడిగాడు: "పదిహేనేండ్లకు పైన క్యాప్ అరిగితే, స్క్రూ వదులైతే, దీనికి సరిపడే సామాను దొరుకుతదా?" ఆమె కుర్చీలో సర్దుకొని కూర్చుంది. "మంచి కంపెనీకి ఎక్కువ పైసలు ఇచ్చేదే అందుకు సార్."

సాక్ష్యం ఊళ్ళోనే ఉంది. మార్కెట్ యార్డు దిక్కు పురుగుమందుల షాపాయన ఎక్కడో అగ్గువకు వేయించుకొచ్చాడు. ఏండ్లు గడిచాక లోపలి స్క్రూ వదులై పన్ను కదలడం మొదలైంది. పెట్టిన క్లినిక్ ఎత్తేశారు. కాగితం లేదు. ఎక్స్‌రే చూసిన డాక్టర్లలో అది ఏ కంపెనీదో పోల్చుకున్నవాళ్ళు లేరు, దానికి పట్టే స్క్రూడ్రైవరూ దొరకలేదు. అగ్గువ పన్నును తీయించడానికే సగం ధర పోయింది.

ఇక 'లైఫ్‌టైమ్ గ్యారంటీ' దగ్గర సారు ఒక పూట కూర్చున్నాడు. "ఎవరి లైఫు బిడ్డా? నాదా, కంపెనీదా?" గ్యారంటీ స్క్రూకే, పైన క్యాప్‌కు కాదని, ఆరు నెలలకోసారి వచ్చి శుభ్రం చేయించుకోకుంటే చుట్టూ చిగురు చెడి స్క్రూ కూడా పోతుందని ఆమె ఓపికగా చెప్పింది. క్యాప్ మార్పిడి, క్లీనింగు, ఆటో కిరాయి కలిపేసరికి అయిదున్నర కాస్తా ఎనిమిదికి ఎక్కింది. సారు మళ్ళీ ఇంటికి పోయి మొదటి నుంచి భాగించాడు.

ఇట్లా భాగిస్తూ ఉండగానే ఏడాది తిరిగింది. పీకిన చోట దవడ ఎముక సారు తీర్పు కోసం ఆగలేదు. మొదటి ఏడాదిలోనే దాని వెడల్పు సగం దాకా కరిగిపోవచ్చు, అందులోనూ ఎక్కువ భాగం మొదటి 3 నెలల్లోనే. స్కాన్ చూసి డాక్టరమ్మ ఎముక పొడి నింపాలని, దానికి వేరే పైసలవుతాయని చెప్పింది. ఆలోచించడానికి కూడా ఇంత కిరాయి ఉంటుందని సారు నోట్‌బుక్కులో ఏ గడిలోనూ లేదు. ఆయన మొహం చూసి వెంటనే తారీఖు ఖాయం చేసింది ఇంటావిడే.

పన్ను వచ్చింది. స్క్రూ నంబరు, కంపెనీ పేరు ఉన్న కార్డును సారు లామినేషన్ చేయించి పట్టాదారు పాసుబుక్కు పక్కన బీరువాలో దాచాడు. అంతవరకూ బాగానే ఉంది. భోజనాల దగ్గర చూస్తే మాత్రం ముద్ద ఎప్పుడూ ఎడమ దవడకే పోతోంది. కుడివైపు నమలడేం అంటే, "పిరంది, అరుగుతది" అన్నాడు. సంక్రాంతి సకినాలన్నీ ఎడమ పండ్లే మోశాయి. ఉగాది నాటికి అటువైపు దంతం ఒకటి జివ్వుమనడం మొదలైంది.

సారు నోట్‌బుక్కు తీసి కొత్త పేజీ మీద 40,000 వేయబోతుంటే ఇంటావిడ వచ్చి పక్కన కూర్చుంది. ఆమెకు పైవరసలో రెండు పండ్లు పోయి చాలా ఏండ్లైంది. అప్పుడు సారు ఏ లెక్కా వేయలేదు. "ఇంకా ముప్పై ఉన్నయి గద" అన్నాడు, అంతే.

"ఆ పేజీ మీద నా పేరు రాయుండ్రి" అన్నది. "రెండిటికి. భాగించుడు వద్దు, కూడుండ్రి."