కుళ్ళాయి యేలిన సీమలో కిరీటములు

సాలుకు సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటుగా మాత్రమే వాన కురియు, శనక్కాయకు ఊడలు దిగు వేళ ఆకసమువంక చూచి చూచి రైతు మెడ పట్టివేయు అనంతపురపు మెట్టసీమలో ఏనాడును కరవెరుగని పంట యొక్కటి కలదు. అది సభావేదికలపై నాయకుల తలలం బండు కిరీటముల పంట. గజమాల వేసి, శాలువ కప్పి, చేత ఖడ్గమిడి, వెండిపూత కిరీటమును శిరమున నిలిపిన పిమ్మట వక్త యొకడు గొంతు సవరించుకొని, ఇది రాయలేలిన సీమ యనియు, ఈ మర్యాద రాయలనాటిదనియు సెలవిచ్చును. రాయలవారి పేర అప్పు చేయుట సులభము. ఆయన వచ్చి పత్రము చూపుమనడు గదా!

ఆయన వేషమెట్టిదో చూడగోరువారు తిరుమలలో మహాద్వారము దాటినంతనే తిరుమలదేవీ చిన్నాదేవులతో అంజలి ఘటించి నిలిచిన ఆయన విగ్రహమును పరికింతురు గాక. తలపై నున్నది పొడవాటి కుళ్ళాయి. అంతదూరము పోలేనివారికి లేపాక్షి యున్నది. అచ్యుతదేవరాయల కాలమున విరూపణ్ణ కట్టించిన వీరభద్రాలయపు మండపము కప్పుపై ఆ యధికారియు, ఆతని వారును కుళ్ళాయిలతోడనే చిత్రింపబడియున్నారు. కప్పును చూచుటకు మెడ యెత్తవలెను గనుక కిరీటధారులకు మాత్రము ఆ దర్శనము కష్టము.

రాయలకు నవరత్నకిరీటము లేకపోలేదు. 1513లో దానిని తిరుమలేశునకు సమర్పించెను. ఈ యాచారమునైన మనవారు పాటించిరా యందురేని, పాటించిరి. ఈ జిల్లాలోని ఓబుళాపురపు ఇనుపగనుల కంపెనీ అధినేతయు, అప్పటి కర్ణాటక మంత్రియునగు గాలి జనార్దనరెడ్డిగారు 2009లో 40 కోట్లకు పైబడిన వజ్రకిరీటమును అదే స్వామికి అర్పించిరి. రెండేండ్లకు గనుల వ్యవహారమున సి.బి.ఐ. వారు ఆయనను నిర్బంధించిరి. స్వామి యే కానుకకును రసీదుపై గుణదోషములు వ్రాయడు.

రోమునందలి పోపు ఆరవ పాల్ తన మూడంతస్తుల కిరీటమును 1964లో పేదలకొరకని బలిపీఠముపై నుంచెను. ఆపై ఏ పోపును అట్టిది ధరింపలేదు. మన మండల నాయకులనుండి అంత వైరాగ్యము కోరరాదు. పోపునకు ఎన్నిక జీవితమున ఒక్కమారే కదా.

అన్నట్లు, ఈ సభాకిరీటములు ఎవరి తలకొలతకును చేయించినవి కావు. వెనుక దారమొకటి వ్రేలాడుచుండును. బిగించిన నొకరికి, వదలించిన నింకొకరికి సరిపోవును. పార్టీ మారి మరల అదే వేదిక యెక్కినవారికి ఆ దారము కూడ ముట్టనక్కరలేదు.